ఆదివారం పలకని పేరు

మల్కాపురంలో ఆ వీధి కోళ్ళు మేలుకునే లోపే స్టెఫీ కూత మొదలయ్యేది. డాబా మెట్ల మీద నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని అందుకుందంటే పక్కింటివాళ్ళు లేచి పాలగిన్నె పొయ్యి మీద పెట్టుకునేవారు. తిట్టుకునేవారు కూడా. అయినా ఆ పిల్ల యూనివర్సిటీ జట్టుకి ఎంపికైందని తెలిశాక తిట్లు కాస్త తగ్గాయి.

ఆ శనివారం పొద్దున కూడా అంతే. కింద వంటగదిలో జయమణి గోడకి ఆనుకుని ఉప్మా కలుపుతోంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి ఆయాసం. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తిప్పుతోంది.

"ఒలే స్టెఫీ, బేగి దిగవే. ఉప్మా సల్లారిపోతంది."

"వత్తన్నానమ్మా. ఇంకొక్క కూత."

"ఆ ఊపిరి నాకు కొంచెం అప్పియ్యకూడదేటే?"

స్టెఫీ నవ్వుతూ దిగి వచ్చి తల్లి చేతిలో గరిటె లాక్కుంది. అమ్మ జోకులేస్తోందంటే ఒళ్ళు కోలుకుంటున్నట్టే. వానాకాలమంతా ఆ నోట దగ్గు తప్ప మాట వినలేదు. సబ్బవరం నుంచి జయమణిని ఇంటికి తెచ్చుకుని వారం కూడా కాలేదు.

డేవిడ్ రాజు వరండాలో కూర్చుని రేపటి ఆరాధనకి చెప్పులు తుడుచుకుంటున్నాడు. పోర్టులో క్రేన్ నడిపే మనిషి. సంఘంలో మాత్రం పెద్ద. ఆదివారం వస్తే ఆయన గొంతుకి ఓ ప్రత్యేకమైన పని ఉంది. జబ్బున పడ్డవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పలుకుతాడు, పేరు పేరుకీ సంఘమంతా "ఆమెన్" అంటుంది. ఆరాధన అయ్యాక వంతులు కూడా ఆయనే వేస్తాడు. ఆ రోగి ఇంటికి ఇవాళ అన్నం ఎవరు తేవాలి, రేపు తోడు ఎవరు పడుకోవాలి, అన్నీ. ఆ పేర్లలో ఒక పేరు వచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆకలుండదు.

"సోమారం ట్రైన్‌కి అన్నీ సర్దుకున్నావేటి తల్లీ?" అన్నాడు.

"సర్దీసాను డాడీ."

డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడటానికి ఇదే ఆఖరి అవకాశం. అవి ఆడినవాళ్ళని రైల్వే జట్టు ట్రయల్స్‌కి పిలుస్తారు. ఆ పిలుపు కోసమే ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్ల మోకాళ్ళు చెక్కుకుంది.

ఉప్మా ప్లేటు చేతిలోకి తీసుకుందో లేదో ఫోన్ మోగింది. జట్టులో తోటి పిల్ల పుష్ప.

"ఒసే, నోటీసు బోర్డు మీద లిస్టు మారిపోనాదే. నీ పేరు తీసీసారు. నీ ప్లేసులో ఆ జూనియర్ గుంట పేరెట్టారు."

"ఏటి? ఏలా?"

"నాకేటి తెలుసే. అటెండెన్సట. నువ్వు బేగి రాయే ముందు."

స్టెఫీ ప్లేటు అక్కడే పెట్టి పరిగెత్తింది.

మల్కాపురం నుంచి మధురవాడ అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. బస్సు ఆగిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ పిల్లకి ప్రాణం పోయి వచ్చింది. కాలేజీ గ్రౌండు పక్క గదిలో ఆటలు నేర్పే పి.డి. ఆనందకుమార్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆయనా వీళ్ళ సంఘమే. పాటలు పాడేటప్పుడు ఆయన గొంతే పైన ఉంటుంది.

"రామ్మా. నీకు నేనే ఫోన్ చేద్దామనుకున్నాను, నోరు రాలేదు," అన్నారు. "పోయిన సెమిస్టర్ నీ హాజరు సగం కూడా లేదు. అంత తక్కువుంటే యూనివర్సిటీ ఒప్పుకోదు. నిన్న సాయంత్రం కొట్టేశారు."

"పుష్పకి కూడా లేదు కదా సార్. అది నాలుగు నెలలు మంచం మీదే ఉంది."

"పుష్పకి మోకాలు ఆపరేషన్. ఆటగాళ్ళకే దెబ్బ తగిలితే, జబ్బు చేస్తే మినహాయింపు ఉంది. ఇంట్లో ఇంకొకళ్ళకి అయితే, అప్పుడే చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు రాస్తే చూస్తారు. నువ్వు చెప్పలేదు."

ఇన్నాళ్ళు పళ్ళ బిగువున ఆపుకున్న మాట. డాడీకి ఒట్టేసిన మాట. ఇక ఒట్టూ లేదు, గట్టూ లేదు అనుకుంది స్టెఫీ.

"మా అమ్మకి టీబీ సార్. సబ్బవరంలో పెద్దమ్మ ఇంట్లో ఉంచాం. మందులు పడక పచ్చకామెర్లు కూడా వచ్చాయి. పెద్దమ్మ టీచరు, బడికి వెళ్ళిపోతే ఇంక నానే. అన్నం పెట్టినా నానే, కక్కు ఎత్తినా నానే. నాను కాలేజీకి ఎలగ వద్దును సార్?"

ఆనందకుమార్ గారు ఆ పిల్లని అలాగే చూశారు. ఆయన ముఖంలో జాలి రాలేదు. బాధ వచ్చింది, కోపం కూడా వచ్చింది.

"స్టెఫీ, ఆట కోసం ఎంత మాటకైనా దిగుతావా? కన్నతల్లికి లేని రోగం అంటగడతావా?"

"సార్!"

"నేను ప్రతి ఆదివారం ఆరాధనకి వస్తానమ్మా. కాలు బెణికినవాళ్ళ పేరు కూడా మీ డాడీ వదిలిపెట్టడు. మీ అమ్మ పేరు ఒక్కనాడు పలకలేదు. నువ్వు కాలేజీకి ఎందుకు రావట్లేదని గుమ్మం దగ్గర నేనే అడిగాను. జయమణి వాళ్ళక్క కూతురికి పురుడు పోయడానికి వెళ్ళింది, పిల్ల కూడా సాయంగా వెళ్ళిందన్నాడు. సంఘపెద్ద మాట కదా, అదే ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. అదే పైకి వెళ్ళింది. ఇప్పుడు ఇంకో కథ చెప్తే నన్ను ఏమంటారు?"

ఏం చెబుతుంది? చెప్పినవాడు ఈయన దృష్టిలో అబద్ధమాడని మనిషి. చెబుతున్నది ఆటకి ఆశపడ్డ పిల్ల. స్టెఫీ నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయి బయటికి వచ్చేసింది. గ్రౌండులో జూనియర్ పిల్ల తన గీత దగ్గర నిలబడి రైడ్ ప్రాక్టీసు చేస్తోంది. పాపం, ఆ పిల్లదేం తప్పు.

ఇంటికి వచ్చేసరికి డేవిడ్ రాజు మధ్యాహ్నం షిఫ్టుకి బయల్దేరుతున్నాడు. టిఫిన్ క్యారేజీ చేతిలో ఉంది. కూతురి ముఖం చూసి క్యారేజీ కింద పెట్టాడు.

"ఏటైంది తల్లీ?"

"నా పేరు తీసీసారు. అమ్మకి జబ్బంటే సార్ నమ్మలేదు. మీ డాడీ నోట మీ అమ్మ పేరు ఎప్పుడూ వినలేదు, నువ్వు అబద్ధం సెప్తన్నావు అన్నారు. నాను, డాడీ! నాను అబద్ధం సెప్తన్నానట!"

డేవిడ్ రాజు లోపలి గది వైపు ఒకసారి చూశాడు. "నెమ్మదిగా మాటాడు. మీ అమ్మ తొంగుంది."

"ఇంకా నెమ్మదేటి డాడీ? నెమ్మదిగా ఉండే కదా నా బతుకు ఇలగయ్యింది! ఊళ్ళో అందరి పేర్లూ సెప్పావు. జొరమొచ్చినోళ్ళవీ, పన్ను నొప్పోళ్ళవీ. అమ్మ రగతం కక్కుకుంటంటే నీ నోరు ఏల లెగలేదు?"

"ఏల లెగలేదా? నాను సెప్పుంటే రేపు మీ అమ్మ ఆ సంఘంలో తలెత్తుకు తిరుగునేటి?" ఆయన గొంతు కూడా పెరిగింది. "బల్లారాధనకి రొట్టి సేసేది మీ అమ్మ. ద్రాక్షరసం కప్పులు కడిగేది మీ అమ్మ. ఇరవై ఏళ్ళ సేవ. టీబీ అని తెలిస్తే అది సేత్తో ముట్టుకున్న కప్పు మళ్ళీ ఎవడు నోట్లో పెట్టుకుంటాడే? మొకం మీద ఏటీ అనరు. ఎనకాల ఎనకాల జరిగిపోతారు. నాను సూడలేదేటి అలాంటియి?"

"అందుకని పురుడా? లేని పిల్లకి పురుడా డాడీ?"

"నీకు ఆట ముఖ్యం. నాకు దాని పరువు..."

మాట మధ్యలో ఆగిపోయింది. గది గుమ్మం పట్టుకుని జయమణి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"నా పేరు సెప్పలేదేటండీ?" అంది.

డేవిడ్ రాజు కింద పెట్టిన క్యారేజీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కవారం కూడా సెప్పలేదా?"

"మణీ..." అన్నాడు డేవిడ్ రాజు.

జయమణి నెమ్మదిగా నడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

"సబ్బవరంలో నాకు లెగలేని రోజులున్నాయి. అయినా ఆదివారం ఆ టైముకి లెగిసి కూకునేదాన్ని. ముసుగేసుకుని, సేతులు కట్టుకుని. ఇప్పుడు ఈయన పేర్లు సెప్తంటారు, నా పేరు వచ్చుంటాది, అందరూ ఆమెన్ అనుంటారు అనుకునీదాన్ని. ఎవరూ సూడ్డానికి రాకపోతే, అంటురోగం గదా, డాక్టరు వద్దన్నాడేమోలే అని సరిపెట్టుకున్నాను." కూతురి వైపు తిరిగింది. "నువ్వు కూడా సెప్పావు కదే. అందరూ నీకోసం ప్రార్థన సేత్తన్నారమ్మా, బేగి నయమైపోద్ది అన్నావు."

స్టెఫీ తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. అవును, చెప్పింది. మాత్ర మింగనని తల అటు తిప్పేసుకున్నప్పుడల్లా అదే చెప్పి మింగించింది. పొద్దున్నుంచి తన పేరు పోయిందని ఏడుస్తోంది తప్ప, అమ్మ పేరు ఎప్పుడో పోయిందన్న సంగతే ఆ పిల్లకి తట్టలేదు.

"కామెర్లొచ్చిన ఆదివారం నాను పోతాననుకున్నానండీ," అంది జయమణి. "ఇంతమంది ప్రార్థన ఉంది, పోనులే అని ధైర్యం తెచ్చుకున్నాను. అయితే ఎవరూ లేరన్నమాట. ఈ గుంట ఒక్కతే ఉందన్నమాట."

డేవిడ్ రాజు ఆ రోజు షిఫ్టుకి వెళ్ళలేదు. వరండాలో తుడిచి పెట్టుకున్న చెప్పుల పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నాడు. క్యారేజీలో అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు ముగ్గురూ చర్చికి వెళ్ళారు. జయమణి మూతికి గుడ్డ కట్టుకుంది. డాక్టరు ఇక భయం లేదన్నా కట్టుకుంది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "ఏటే మణీ, ఇలగ సిక్కిపోయావు! పురుడోళ్ళింట్లో పని ఎక్కువైపోనాదేటి?" అని పలకరిస్తుంటే ఆమె నవ్వింది. ఏం నవ్వో అది!

పాటలయ్యాయి. పాస్టరుగారు తల ఊపారు. డేవిడ్ రాజు లేచి నిలబడ్డాడు. మడమ నొప్పితో ఉన్న సిస్టర్ పేరు చెప్పాడు. సంఘం "ఆమెన్" అంది. ఆసుపత్రిలో ఉన్న ముసలాయన పేరు చెప్పాడు. "ఆమెన్." ఆపైన ఆగిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతసేపు ఆగడు. వెనక వరసల్లో పిల్లలు తలలెత్తి చూశారు.

"జయమణి," అన్నాడు. "నా భార్య. వానాకాలం మొదలైన కాడినుంచీ టీబీతో పడుంది సంఘమా. సావు దాకా ఎళ్ళొచ్చింది. పురుడని మీ అందరికీ నాను అబద్ధం సెప్పాను. మీరు దాన్ని ఎలేస్తారని భయపడ్డాను. మీకంటే ముందు నానే ఎలేసాను."

ఒక్క గొంతూ లేవలేదు.

"ఆమెన్," అంది ఆడవాళ్ళ వైపు నుంచి ఓ గొంతు. స్టెఫీది. ఆ వెంటనే సంఘమంతా అంది, కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా. జయమణి ముఖానికి కొంగు కప్పుకుంది. ఆమె భుజాలు కదలడం వెనక కూర్చున్నవాళ్ళందరికీ కనబడింది.

ఆరాధన అయ్యాక కరుణమ్మ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. సంఘంలో అందరికంటే పెద్దది. పురుడు నిజమని నమ్మి, పుట్టబోయే పిల్లకని చూపు ఆనకపోయినా సూదిలో దారం ఎక్కించుకుని చొక్కాలు కుట్టి పంపిన మనిషి. అవి డేవిడ్ రాజు బీరువాలో అలాగే ఉన్నాయి.

"సొక్కాలు పోతే పోనీరా నాయనా," అంది ఆవిడ. "మాకు సెప్పుంటే ఏటైపోను? నాకు మనవడి బండుంది, ఎనకాల కూకుని సబ్బవరం వచ్చీదాన్ని. ఇంటికో పూట వంతులేసుకుందుము. అందరికీ వంతులేసే మనిషివి, నీ పెళ్ళానికి ఏల ఎయ్యలేదురా? మేమొచ్చుంటే ఈ గుంట శుభ్రంగా సదువుకి ఎల్లిపోను కదరా!"

డేవిడ్ రాజుకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. భార్య పేరు గురించి రాత్రంతా ఏడ్చాడు గాని, ఈ లెక్క ఆయనకి తోచలేదు. పేరు పలికుంటే అన్నం వచ్చేది. అన్నం వచ్చుంటే తోడు వచ్చేది. తోడు వచ్చుంటే కూతురు కాలేజీలో ఉండేది. రూలు సంగతి తర్వాత, అసలు రూలు దాకా వచ్చేదే కాదు. చెట్టంత మనిషి చర్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆనందకుమార్ గారు ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. యూనివర్సిటీలో స్పోర్ట్స్ చూసే పెద్దాయనకి ఆదివారం అని కూడా చూడకుండా ఫోన్ చేశారు. బతిమాలారు. "తప్పు నాది సార్, పిల్లది కాదు" అన్నారు. ఒకసారి గొంతు పెంచారు. "మోకాలికి దెబ్బ తగిలితే సెలవిస్తారు, ఇంట్లో తల్లి పడిపోతే ఇవ్వరా? రోగం ఎవరి ఒంట్లో ఉంటే ఏంటి సార్, మంచం దగ్గర కూర్చున్నది ఈ పిల్లే కదా!" అన్నారు. తర్వాత వింటూ ఉండిపోయారు.

ఫోన్ జేబులో పెట్టుకుని స్టెఫీ దగ్గరికి వచ్చారు.

"ఒప్పుకోలేదమ్మా. అప్పుడు ఒక కారణం, ఇప్పుడు ఒక కారణం చెప్తే కుదరదన్నారు. ఇవాళ మీకు వదిలితే రేపు ప్రతి కాలేజీ ఇలాగే వస్తుందన్నారు. ఆయన వైపునుంచి అదీ నిజమే. నేను నిన్న నిన్ను నమ్మి ఉంటే, కనీసం సాయంత్రం లోపు ఆఫీసుకి వెళ్ళి కాళ్ళ మీద పడేవాణ్ణి. క్షమించు తల్లీ."

"మీరేటి సేస్తారు సార్," అంది స్టెఫీ. తల్లి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

సోమవారం పొద్దున డాబా మెట్ల మీద కూత వినబడలేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

"నాను స్టేషన్‌కి ఎల్తాను," అంది స్టెఫీ. "పుష్పని ఎక్కించాలి. మోకాళ్ళకేసుకునే నా నీక్యాపులు ఆ జూనియర్‌కి ఇచ్చీయాలి. దానికి మంచివి లేవు."

"నానూ వత్తాను," అంది జయమణి.

ఆటో ఎక్కేటప్పుడు చూస్తే డేవిడ్ రాజు భుజాన స్టెఫీ బ్యాగు ఉంది. శుక్రవారం సర్ది పెట్టుకున్న బ్యాగు.

"అదెందుకు డాడీ?"

ఆయన కూతురి కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఏమో తల్లీ. ఆఖరి నిమిషంలో ఫోనేదైనా వస్తే... సార్ దగ్గర ఫోనుంది కదా."

కోపంతో రెండు రోజులుగా తండ్రితో సరిగ్గా మాట్లాడని పిల్ల, ఆ మాటకి మెత్తబడిపోయింది. బ్యాగు ఆయన భుజం మీంచి దించబోయి మానేసింది. మొయ్యనీ అనుకుంది.

ఫోన్ రాలేదు. రాదని అందరికీ తెలుసు, అయినా ఆనందకుమార్ గారు బండి కదిలేదాకా జేబు తడుముకుంటూనే ఉన్నారు. జూనియర్ పిల్ల నీక్యాపులు తీసుకుని, "అక్కా, నాను ఆడలేను, నాకు భయమేస్తంది" అని ఏడ్చింది. "ఆడవే. గీత దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టు, కంగారు పడకు" అని స్టెఫీ దాని బుగ్గ తుడిచింది. పుష్ప కిటికీలోంచి చెయ్యి పట్టుకుని వదల్లేదు. రైలు కదిలాకే వదిలింది.

పెట్టెలు ఒక్కొక్కటీ దాటిపోతున్నాయి. స్టెఫీకి తెలియకుండానే పెదవులు కదిలాయి. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." ముందు మెల్లగా, తర్వాత పైకి. ప్లాట్‌ఫాం మీద జనం తిరిగి చూశారు. ఎన్ని రైడ్‌లలో ఎంతమంది పట్టుకుని కిందపడేసినా తెగని కూత అది. ఆఖరి పెట్టె కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోగానే తెగిపోయింది. ఏడుపు వచ్చేసింది.

పక్కన సన్నగా ఓ గొంతు లేచింది. "కబడ్డీ... కబడ్డీ..."

జయమణి. సబ్బవరంలో ఊపిరితిత్తులకి బలం రావాలంటే గట్టిగా ఊపిరి పీల్చి వదలమని డాక్టరు చెబితే, స్టెఫీ తల్లికి నేర్పింది ఇదే. మంచం మీద కూర్చోబెట్టి తల్లి చేత కూత పెట్టించేది. అప్పట్లో రెండు మాటలకే దగ్గు వచ్చేది. ఇప్పుడు ఆమె మూతిగుడ్డ కిందికి లాక్కుని, కూతురి వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయే రైలు వైపు చూస్తూ అంటోంది. నాలుగు మాటలు. ఐదు. ఆయాసం వచ్చింది. అయినా ఆపలేదు.

"సాల్లే అమ్మా, ఆపీయే. దగ్గొచ్చెత్తాది," అంది స్టెఫీ ఏడుస్తూనే.

"నువ్వు అందుకుంటే ఆపుతాను," అంది జయమణి.

స్టెఫీ ఊపిరి తీసుకుంది. అందుకుంది. రైలు పోయింది, పట్టాలు ఖాళీగా ఉన్నాయి. వాళ్ళ వెనక డేవిడ్ రాజు బ్యాగు దించకుండా అలాగే నిలబడి, భార్య పేరు ఒకసారి, కూతురి పేరు ఒకసారి, నోట్లో నోట్లోనే పలుక్కుంటున్నాడు.